ఊరి వాననీళ్లు వాడ దారిలోకే ఎందుకు వస్తాయి?

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. అక్టోబరు 14న 'పల్లె పండుగ' పేరుతో పనులు మొదలయ్యాయి. రూ.4,500 కోట్లు, 30 వేల పనులు, 3 వేల కిలోమీటర్ల సీసీ రోడ్లు, 500 కిలోమీటర్ల బీటీ రోడ్లు అని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో చాలా ఊళ్లలో ఏళ్ల తర్వాత కాంక్రీటు పడింది.

రోడ్లు వద్దని మేము అనడం లేదు. బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని బడికి నడిచినవాళ్లమే మేము. మా ప్రశ్న వేరు. ఆ కాంక్రీటు మీద పడిన వాన ఎటు పోతోంది? ఎస్టిమేట్ కాగితంలో పొడవు ఉంటుంది, వెడల్పు ఉంటుంది, మందం ఉంటుంది. నీళ్లు చివరికి ఎక్కడ వదలాలో మాత్రం మేము చూసిన కాగితాల్లో కనపడలేదు. కాగితంలో లేకపోయినా నీళ్లు ఎక్కడో ఒకచోటికి పోక తప్పదు కదా. ఆ చోటు ఏదో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

పరిశోధన పని మీద మేము తిరిగిన ఊళ్లలో ఒకటి ప్రకాశం జిల్లాలో ఉంది. పేరు రాయడం లేదు. అక్కడివాళ్లు రేపు మళ్లీ అదే పంచాయతీ ఆఫీసుకు వెళ్లాలి. ఊరు మెరక మీద ఉంది. నడివీధి సీసీ రోడ్డు పడమర నుంచి తూర్పుకు వాలి, చివరి ఓసీ ఇల్లు దాటగానే ఆగిపోతుంది. అక్కడి నుంచి మట్టి డొంక. సుమారు 250 మీటర్లు పోయాక వాగు, వాగు మీద చిన్న చప్టా, దాని కింద రెండు సిమెంటు తూములు. అవతల ఎస్సీ కాలనీ. కాలనీ దాటాక శ్మశానం. బడి, రేషన్ డిపో, ఆసుపత్రికి పోయే ఆటో అన్నీ వాగుకు ఇవతలే. గట్టి వాన పడితే నడివీధి నీళ్లు సీసీ రోడ్డు మీదుగా జారి డొంకలో పడతాయి, డొంకను కోసుకుంటూ చప్టా మీదికి వస్తాయి. వాగు పొంగకముందే దారి పోతుంది. ఈ సంగతి గమనించాలి. వాగు వల్ల దారి తెగిందని అధికారులు రాస్తారు. చాలాసార్లు దారిని తెంపేది వాగు కాదు, ఊరి నీళ్లు.

లెక్క వేసి చూద్దాం. నడివీధి 400 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు అనుకుంటే 1,600 చదరపు మీటర్లు. సాయంత్రం 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ రోడ్డు మీదే 80 ఘనపు మీటర్లు, అంటే 80 వేల లీటర్లు. మట్టి రోడ్డయితే అందులో కొంత ఇంకేది. కాంక్రీటు దాదాపు అంతా వదిలేస్తుంది. ఇది చిన్న లెక్కే. ఆ వీధికి వాలిన 200 ఇళ్ల కప్పులు, వాకిళ్లు ఇంటికి 60 చదరపు మీటర్ల చొప్పున వేసుకున్నా 12,000 చదరపు మీటర్లు. అదే వానకు 6 లక్షల లీటర్లు. ఒకప్పుడు ప్రతి ఇంటి పెరటిలో, పశువుల దొడ్డిలో, వీధి గుంటల్లో ఆగిన నీళ్లివి. ఇప్పుడు పెరడు సిమెంటు, వీధి సిమెంటు. రోడ్డు మీద పడే వాన కన్నా రోడ్డు మోసుకొచ్చే వాన ఎన్నో రెట్లు ఎక్కువ. సీసీ రోడ్డు పేరుకు రోడ్డే గానీ, వానొచ్చినప్పుడు అది ఊరి ప్రధాన కాలువ. ఆ కాలువ తెగేది వాడ దారి మీద.

పైగా ఆ నీళ్లు వాననీళ్లు మాత్రమే కావు. పక్క కాలువల్లో మురుగు, మరుగుదొడ్ల నుంచి వదిలినది, పేడ, ప్లాస్టిక్ అన్నీ కలిసి వస్తాయి.

పల్లంలో ఉంటే నీళ్లు రాకుండా ఎలా ఉంటాయని ఒక యువ ఇంజనీరు మమ్మల్ని అడిగాడు. నీళ్లు పల్లానికి పారతాయన్న మాట నిజమే. వాడ పల్లంలో ఎందుకుందన్నది అసలు ప్రశ్న. మెరక అంతా ముందే ఎవరిదో అయిపోయాక మిగిలిన చోటే వాడ. తర్వాత ప్రభుత్వం ఇళ్ల స్థలాలు ఇచ్చినా చౌకగా దొరికే భూమో, పోరంబోకో చూసింది. 2020లో పేదల ఇళ్ల కోసం రాజమండ్రి దగ్గర ఆవ భూములు కొన్నప్పుడు అవి ముంపు నేలలని వివాదం రేగి హైకోర్టు దాకా పోయింది. పేదలకు భూమి వెతికేటప్పుడు చూపు పల్లం వైపే పోతుందనడానికి అదొక్కటే ఉదాహరణ కాదు. పల్లాన్ని ప్రకృతి చేసింది, వాడను అక్కడ పెట్టింది మనుషులు.

ఎగువ మురుగు దిగువకు వదలడం ఎంత దూరం పోగలదో తెలుగు దళిత ఉద్యమానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. గేదెల కుడితి బకెట్టు కడిగి ఆ నీళ్లు చెరువులో కలుపుతుంటే వద్దన్నందుకు మొదలైన దాడి మర్నాటికి ఆరుగురి ప్రాణాలు తీసింది. ఇప్పుడు కుడితి బకెట్టు అక్కర్లేదు. పంచాయతీ తీర్మానం, ఎస్టిమేటు, ఎం బుక్కు, బిల్లు ఉంటే చాలు. అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది, అడగడానికి ఎదురుగా మనిషి కూడా కనపడడు.

ఈ పద్ధతిలో వాడ ఎలా మాయమవుతుందో చూడాలి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 మంది జనాభా ఉన్న ఆవాసాలకు రోడ్డు వేయాలని లక్ష్యం. నిబంధన ప్రకారం 'రోడ్డు లేని ఆవాసం' అనిపించుకోవాలంటే అది అన్ని కాలాల్లో నడిచే రోడ్డుకో, రోడ్డున్న మరో ఆవాసానికో కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలి. మన వాడ 250 మీటర్లలో ఉంది. అంటే కాగితం మీద దానికి రోడ్డుంది. మధ్యలో వాగు ఉందా లేదా అని ఆ 500 మీటర్ల లెక్క అడగదు. ఇంకో విచిత్రం కూడా ఉంది. 500 మీటర్ల పరిధిలోని ఆవాసాల జనాభాను కలిపి లెక్క కట్టుకోవచ్చు. ఎక్కువ ఊళ్లకు రోడ్డు రావాలన్న మంచి ఉద్దేశంతోనే ఆ వెసులుబాటు పెట్టారు. జరిగేది మాత్రం ఇది: 500 తలలు నింపడానికి వాడ తలలు పనికొస్తాయి, రోడ్డు ఆగేది ఊరి దగ్గర. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలో 25 వేల ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు, రూ.70,125 కోట్లు అన్నారు. ప్రాతిపదిక 2011 జనాభా లెక్కలు. మనలాంటి వాడలు ఆ 25 వేలలో చేరాలంటే ముందు విడి ఆవాసంగా కనపడాలి.

'అన్ని కాలాల రోడ్డు' అంటే ఏమిటో కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. తారు ఉండాలని కాదు. నీళ్లు సరిగా దిగిపోయేలా కల్వర్టులు, చిన్న వంతెనలు, చప్టాలు ఉండాలి. అంటే రోడ్డుకు నిర్వచనమే నీటి పారుదల. ఆ నిర్వచనంతో చూస్తే రెండు తూముల చప్టాను దాటే మన డొంక అన్ని కాలాల రోడ్డు కానే కాదు.

సబ్ ప్లాన్ సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. పదేళ్ల గడువు ముగుస్తుంటే 2023 జనవరిలో మరో పదేళ్లు పొడిగించారు. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసుకుంది. విడదీయడానికి వీలులేని మౌలిక సదుపాయాల ఖర్చులో కొంత వాటాను ఉప ప్రణాళిక కింద చూపుకునే వీలు చట్టంలోనే ఉంది. రాష్ట్ర రహదారికో, పెద్ద ప్రాజెక్టుకో వాడ పేరున కొంత డబ్బు ఖర్చయినట్టు పద్దు రాసుకోవచ్చు. వాగు మీద నాలుగు తూములు అదనంగా వేయమంటే మాత్రం నిధులు లేవంటారు. కేంద్రం ఇచ్చే ఆదర్శ గ్రామ నిధులకైనా ఊరి మొత్తం జనాభాలో 40 శాతం ఎస్సీలు ఉండాలి. మన ఊళ్లో వాడ అంతా ఎస్సీలే, ఊరి మొత్తంలో చూస్తే పాతిక శాతం దాటరు. రోడ్డు లెక్కలోనూ, ఈ లెక్కలోనూ కొలత ఊరే. వాడ కొలత కాదు. మా పరిశోధనలో పదే పదే తగిలిన గోడ ఇదే.

ఇక చప్టా. రెండు 600 మిల్లీమీటర్ల తూములు వేసి పైన మట్టి, గ్రావెల్ కప్పి కాంక్రీటు పోశారు. వాగు పరీవాహకం కేవలం ఒక చదరపు కిలోమీటరే అనుకుందాం. గంటకు 25 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 40 శాతం పారితే, సెకనుకు సుమారు 2.8 ఘనపు మీటర్ల నీళ్లు వస్తాయి. 600 మిల్లీమీటర్ల తూము నిండుగా, సెకనుకు రెండు మీటర్ల వేగంతో పారినా 0.57 ఘనపు మీటర్లే పంపగలదు. అంటే అయిదు తూములు కావాలి, అదీ శుభ్రంగా ఉంటే. మేము చూసినప్పుడు రెండింటిలో ఒకటి తుమ్మకంప, సంచులతో పూడిపోయింది. ఆ కంప తీయాలని పిలుపు వచ్చేది మళ్లీ వాడకే. దారి మీది మురుగు దళితులకు, ఆ మురుగు ఎత్తే పనీ దళితులకే.

చేయాల్సినది పెద్ద ఇంజనీరింగ్ కాదు. వాగు దాటే ఏ పల్లెదారికైనా ఇది వర్తిస్తుంది. మొదటి సూత్రం ఏమిటంటే, దారి మీది నీళ్లను వాగు దాకా రానివ్వకూడదు. డొంక పొడవునా 30, 40 మీటర్లకొకచోట ఏటవాలుగా చిన్న మిట్టో, పల్లమో పెట్టి నీళ్లను పక్కకు మళ్లించాలి. ఒక్కచోట గుంపుగా పడే నీళ్లు గండి కొడతాయి, నాలుగుచోట్ల చీలితే గడ్డిలో ఇంకిపోతాయి. సీసీ రోడ్డు ఆగే చోట, అంటే చివరి ఓసీ ఇంటి దగ్గరే, పెద్ద ఇంకుడు గుంతో, కుంటో ఉండాలి. మురుగు అక్కడ ఆగి, తేట నీళ్లే ముందుకు పోవాలి.

చెప్పడం తేలిక. పక్కకు మళ్లించాలంటే పక్కన చోటుండాలి కదా. డొంకకు రెండు వైపులా పొలాలు ఊరివాళ్లవి. వాళ్ల గట్లు ఏటా దున్నకానికి కాస్త కాస్త డొంకలోకి జరిగాయి. తమ చేలోకి ఊరి మురుగు రాకూడదని గట్లు ఎత్తుగా వేశారు. రెండు ఎత్తు గట్ల మధ్య మిగిలిన డొంక సహజంగానే కాలువ అయింది. ఒక్క ఎకరం చేను గలవాడు తన పొలంలోకి మురుగు రాకుండా ఆపుకోగలడు, వంద ఇళ్ల వాడ తన దారిలోకి రాకుండా ఆపుకోలేదు. ఊరి నీటి పారుదలను శాసించేది ఈ తేడా. ఎఫ్ఎంబీలో డొంక వెడల్పు ఉంటుంది. వాగు పోరంబోకుకు సర్వే నంబరు ఉంటుంది. హద్దులు కొలిచి రాళ్లు పాతితే సగం సమస్య అక్కడే తేలుతుంది. అందుకే ఆ కొలత జరగదు.

తూముల విషయానికొస్తే, అవి వాగు అడుగు మట్టానికి, వాగు పారే దిశలోనే, వాగు వాలుతోనే ఉండాలి. ఎత్తులో పెడితే అవతలివైపు నీళ్లు జలపాతంలా పడి కింద మట్టిని తోడేస్తాయి. మన చప్టా అవతల మనిషి నడుము లోతు గుంట అలాగే పడింది. నీళ్లు బయటపడే చోట రాళ్లు పేర్చాలి. చప్టాకు ఎగువ, దిగువ రెండు వైపులా భూమిలోకి దిగిన గోడ ఉండాలి, లేకపోతే నీళ్లు కాంక్రీటు కింద నుంచి దారి చేసుకుంటాయి. చప్టా పైభాగం సమంగా కాక మధ్యలో కొంచెం లోతుగా ఉంటే పొంగిన నీళ్లు మధ్యలోంచే పోతాయి, అంచులను కోయవు. చిన్న చప్టా ఎప్పుడో ఒకరోజు మునగడం తప్పు కాదు, మునిగిన ప్రతిసారీ కొట్టుకుపోవడం తప్పు. మోకాలి లోతు కూడా లేని నీళ్లు వేగంగా పారితే పెద్దవాళ్లను పడగొట్టగలవు. కాబట్టి లోతు తెలిపే గుర్తు రాళ్లు రెండు వైపులా ఉండాలి. వీటిలో ఏదీ పంచాయతీరాజ్ ఏఈకి తెలియనిది కాదు. నియోజకవర్గంలో మంచి చప్టాలు కట్టినవాళ్లు వాళ్లే.

దారి తెగిన రోజు ఏం ఆగిపోతుందో చెప్పాలి. బడి పిల్లలు ఒకటి. కాన్పు నొప్పులు ఇంకొకటి. మాకు ఎక్కువసార్లు చెప్పింది మూడోది. వాడకు అవతల ఉన్న శ్మశానానికి దిగువన మరో పాయ దాటాలి. శ్రావణ, భాద్రపదాల్లో ఎవరైనా పోతే వాన తగ్గేదాకా శవాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చోవాలి, లేదా నీళ్లలో దిగి భుజాల మీద మోయాలి. ఇదివరకు ఒక పెద్దాయన్ను తలకొకరు, కాళ్లకొకరు కాక ఎనిమిదిమంది పట్టుకుని దాటించామని చెప్పారు. 2019 ఆగస్టులో తమిళనాడు వాణియంబాడి దగ్గర పాలారు వంతెన పైనుంచి ఒక దళితుడి మృతదేహాన్ని తాళ్లతో కిందికి దించాల్సి వచ్చింది. శ్మశానానికి పోయే దారిలో పొలాలున్న ఆధిపత్య కులాలవాళ్లు దారి ఇవ్వలేదు. వీడియో బయటికొచ్చాక మద్రాసు హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. అదే పాలారు మన కుప్పం మీదుగా పోయాకే వాణియంబాడి చేరుతుంది. అక్కడ కంచె ఆపింది. ఇక్కడ కంచె కనపడదు, నీళ్లు ఆపుతున్నాయి. కాబట్టి ఇక్కడ హైకోర్టు రాదు.

చట్టం ఏమంటుంది? 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(బి) ప్రకారం దళితుల ఆవరణలో గానీ, ప్రవేశం దగ్గర గానీ మలమూత్రాలు, మురుగు వంటివి వేయడం నేరం. 3(1)(జెడ్ఏ) ప్రకారం శ్మశానం, వాగు, దారి ఇతరులతో సమానంగా వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. కానీ మురుగు కాలువ వాడవైపు వదిలింది ఒక మనిషి కాదు, ఒక తీర్మానం. కేసు పెట్టాలంటే నిందితుడి పేరు కావాలి. దీన్ని చట్టంతో గెలవడం కష్టమని మా అభిప్రాయం. అయినా అర్జీలో ఆ సెక్షన్ రాయాలనే మేము చెబుతాం. డొంకను దున్నుకున్న చేను యజమానికి మాత్రం పేరుంటుంది.

డబ్బు లేదన్న మాట కూడా నిలబడదు. 15వ ఆర్థిక సంఘం 2021-26కు పంచాయతీలకిచ్చిన నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి, వాననీటి సంరక్షణకు కట్టుబడి ఉండేవి. స్వచ్ఛ భారత్ రెండో దశలో 5 వేల లోపు జనాభా ఉన్న ఊరికి మురుగునీటి నిర్వహణ కోసం తలకు రూ.280 దాకా ఖర్చు పెట్టే వీలు కల్పించారు. మూడు వేలమంది ఊరికి అది రూ.8.4 లక్షలు. సీసీ రోడ్డు చివర గుంతకూ, వడపోతకూ ఈ డబ్బు సరిపోతుంది. చప్టాకు ఉపాధి హామీ ఉండేది. గ్రామ అంతర్గత రోడ్లతో పాటు పక్క కాలువలు, కల్వర్టులు ఆ చట్టం షెడ్యూల్‌లోనే అనుమతించిన పనులు. కాలువ, కల్వర్టు వదిలేసి రోడ్డు ఒక్కటే వేసుకున్నారంటే చట్టం వల్ల కాదు. కిలోమీటర్లు ఎన్నో చెప్పుకోవడానికి కాలువ, కల్వర్టు పనికిరావు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 125 అన్నారు, నిధుల్లో చాలా రాష్ట్రాల వాటా 40 శాతమైంది. పనుల్లో నీటి భద్రత, గ్రామీణ మౌలిక సదుపాయాలు, తీవ్ర వాతావరణాన్ని తట్టుకునే పనులు ఉంటాయంటున్నారు. ఊరి వాననీళ్లు వాడ దారిని తెంపడం ఈ మూడింటిలోకీ వస్తుంది. అయితే 40 శాతం పెట్టుకోవాల్సిన రాష్ట్రం ముందు ఏ పనులు తగ్గిస్తుంది? పొడవు చూపించలేని పనులు. వాడ వైపున్న చివరి 250 మీటర్లు. పంచాయతీ ప్రణాళికలు తయారుచేసే గ్రామసభల్లోనే ఈ మాట రావాలి, వర్షాలొచ్చాక కాదు.

మేము చెప్పిన ఊళ్లో వాడ యువకులు నిరుడు అర్జీ పెట్టారు. కొన్నాళ్లకు 'పరిష్కారమైంది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారని వెళ్లి అడిగితే, రోడ్డు ఇప్పటికే ఉన్నట్టు రికార్డులో ఉందన్నారు. తర్వాత వాళ్లు టేపు పట్టుకుని తామే కొలిచారు. సీసీ రోడ్డు చివరి నుంచి చప్టా దాకా 262 మీటర్లు. డొంక వెడల్పు ఒకచోట ట్రాక్టరు పట్టేంత, ఇంకోచోట ఇద్దరు పక్కపక్కన నడవలేనంత. ఇప్పుడు రెండు కాగితాలు రాసిపెట్టారు. సమాచార హక్కు కింద నడివీధి రోడ్డు ఎం బుక్కు నకలు అడిగేది ఒకటి. డొంకకు, వాగు పోరంబోకుకు హద్దులు చూపమని మండల సర్వేయరుకు రెండోది. గ్రామసభలో పెట్టే తీర్మానం ముసాయిదాలో ఒక్క వాక్యమే ఉంది: ఇకమీదట పంచాయతీలో వేసే ఏ సీసీ రోడ్డు ఎస్టిమేట్‌లోనైనా నీళ్లు ఎక్కడ వదులుతారో సర్వే నంబరుతో సహా రాయాలి, ఆ నంబరు వాడ దారిదైతే పని మొదలుపెట్టకూడదు. సర్వే రుసుముకు ఇంటికి యాభై రూపాయల చొప్పున పోగుచేస్తున్నారు.